గొర్రెకు స్వెట్టర్

నల్లగొండలో పచ్చిక బయళ్లు ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పండి, ఆయిల్ పెయింటింగ్ క్లాసుల్లో. అందరి ముందూ ఒకే ఫొటో ప్రింటు. యూరప్ పల్లె, మబ్బు పట్టిన ఆకాశం, మోకాలెత్తు గడ్డి, దూదిమూటల్లాంటి గొర్రెలు. చూసి దించాలి. వాట్సాప్‌లో పెట్టాలి. మేనత్త చప్పట్లు కొట్టాలి.

నకలు తప్పని ఎవరన్నారు? పాత బొమ్మను దించుతూనే చెయ్యి తిరుగుతుంది. మొదటి పూతలో టర్పెంటైన్ ఎక్కువ, పైపూతల్లో అవిసె నూనె ఎక్కువ ఉండాలని, తారుమారైతే రంగు పగులుతుందని అలాగే తెలుస్తుంది. ఆ విద్యకు దండం పెట్టి ఒక్క సందేహం అడుగుతాను. గడ్డిపచ్చ రంగు సాప్ గ్రీన్ ట్యూబులు ఇట్టే ఖాళీ అయ్యే ఈ ఊళ్లో ఎర్రమట్టి రంగు బర్న్ట్ సియెన్నా మూత ఎందుకు బిగుసుకుపోయింది? ఊరు దాటితే కనిపించేది ఎర్ర చెల్కే కదా!

ఈ మధ్య ఒక క్లాసులో, దేవరకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, గొర్రెలు కాసే ఇంటి పిల్ల, గొర్రెకు పొడుగు కాళ్లు పెట్టింది. వేలాడే చెవులు పెట్టింది. ఉన్ని పెట్టలేదు. సార్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇది మేకనా?"

"గొర్రె సార్. మా ఇంట్ల గొర్లు గిట్లనే ఉంటయి."

"మీ ఇంట్ల ఎట్లన్న ఉండనీ. బొమ్మల గొర్రె గొర్రె లెక్క ఉండాలె."

పాపం ఆ పిల్ల గీసింది నెల్లూరు జోడిపి జాతి గొర్రెని. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ నలుపు, ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న జీవం. సార్ బ్రష్ తీసుకుని టైటానియం వైట్ దట్టంగా పులిమి, నల్లగొండ ఎండలో దానికి స్వెట్టర్ తొడిగాడు. సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీదికి నిజం మంద వచ్చింది. హారన్లు, అదిలింపులు, దుమ్ము. గీయాల్సినవి తమంతట తామే వచ్చి కిటికీ కింద నిలబడితే సార్ ఏమన్నాడో తెలుసా? "కిటికీ మూయుండ్రి, తడి రంగుకు దుమ్మంటుతది!" అప్పటికే అంటింది. ఆ కాన్వాసు మొత్తంలో నల్లగొండది అదొక్కటే.

హాలండ్‌లో ఆంటన్ మోవ్ (1838–1888) అని గొర్రెల బొమ్మలకు పేరుపడిన చిత్రకారుడు ఉండేవాడు. లారెన్ పల్లెకు మకాం మార్చి, అక్కడి బీళ్లలో మేసే మందలను చూసి గీశాడు. ఆయన బొమ్మలో గొర్రెలు మనవైపు వస్తుంటే అమెరికావాళ్లు ఎక్కువ ధర, అటు పోతుంటే తక్కువ ధర ఇచ్చేవారట.

మనకు ఆ బేరం లేదు. మనవన్నీ పోతున్న గొర్రెలే. నల్ల ఉన్ని దక్కనీ గొర్రె తగ్గిపోయింది. ఉన్ని నూలుకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేసే చేతులూ తగ్గిపోయాయి. ఊరుమ్మడి మేత భూమి, బంచరాయి, ప్లాట్లయింది. తాతల నాటి నుంచి మేపిన చోట హద్దురాళ్లు పాతి, మంద కాలు పెడితే వాచ్‌మన్‌ను కర్రతో పంపిస్తారు. ఆ వెంచర్ ఆఫీసులో, ఏసీ కింద, గోడ మీద ఏముంటుంది? పచ్చిక, ఉన్ని గొర్రెలు, చేతికర్రతో కాపరి! సిగ్గుండాలి. గడ్డి తిన్నది మీరు, పస్తులున్నది గొర్రెలు. పైగా గోడకు బొమ్మొకటా?

సార్‌కు ఇదంతా చెబితే శాంతంగా విన్నాడు. వచ్చే బ్యాచ్‌లో గొర్రెలు ఉండవట. మంచుకొండల కింద ఆవులట. అడ్మిషన్లు మొదలయ్యాయి.