మన్యం కొండలను ఉపగ్రహం కంటే ముందే కొలిచారు

"ఉపగ్రహాలు వచ్చేదాకా మన్యం కొండలకు సరైన మ్యాపే లేదు. దొరలు వాల్తేరు బంగళాల్లో కూర్చుని ఉజ్జాయింపుగా గీశారు. ఎవరెస్టు దొర ఎవరెస్టు ఎక్కి, కొలిచి, తన పేరే పెట్టుకున్నాడు." విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. మా మేనమామే రెండుసార్లు పంపాడు.

ఎవరెస్టు సంగతి తేలిక. దేశ సర్వేయర్ జనరల్‌గా ఉన్న జార్జ్ ఎవరెస్ట్ 1843లోనే రిటైరయ్యాడు. ఆ శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించింది ఆయన తర్వాత వచ్చిన ఆండ్రూ వా. లెక్కలు కట్టినవారిలో ముఖ్యుడు రాధానాథ్ సిక్దర్. పేరు పెట్టిందీ ఆండ్రూ వాయే. ఇక్కడివాళ్లు పలకలేరని ఎవరెస్ట్ అభ్యంతరం కూడా చెప్పాడు. నిజానికి ఆయన ఇంటిపేరు ఈవ్‌రెస్ట్, అందరం తప్పే పలుకుతున్నాం. పైగా కొలవడానికి ఎవరూ శిఖరం ఎక్కలేదు. నేపాల్ రానివ్వక, వంద మైళ్ల అవతల మైదానం నుంచి కోణాలు కొలిచారు. నేటి లెక్క 8,848.86 మీటర్లు. తేడా తొమ్మిది మీటర్లే.

ఇక ఉజ్జాయింపు మాట. 1862-63లో విశాఖపట్నంలోనే సర్వేవాళ్లు ఒక బేస్‌లైన్, అంటే మిగతా లెక్కలన్నిటికీ ఆధారమైన నేల మీది గీత, కొలిచారు. దేశమంతటికీ అలాంటివి పదో పన్నెండో. ఎండకు ఇనుము సాగితే కొలత తప్పుతుంది కదా, అందుకే ఇనుము, ఇత్తడి కడ్డీలను జతచేసి, ఒకదాని సాగుదలను మరొకటి సరిచేసేలా అమర్చారు. ఆ పదడుగుల కడ్డీలను డేరాల నీడలో వరసగా పేర్చి, మైక్రోస్కోపుల్లో చూస్తూ మైళ్ల దూరం కొలిచారు. ఒక భుజం పొడవు తెలిస్తే చాలు. దాని రెండు కొసల నుంచి కొండ మీది గుర్తును కోణాలు కొలిచే థియోడొలైట్‌తో చూస్తే త్రిభుజం దొరుకుతుంది. దాని భుజం మీద మరో త్రిభుజం. ఇలా కొండ నుంచి కొండకు పాకుతూ పోయారు. బంగళాలో కూర్చుంటే అయ్యే పని కాదు. మన్యం జ్వరాలకు సర్వే మనుషులు ఎందరో పోయారు.

మెసేజ్‌లో కాస్త నిజం లేకపోలేదు. లోపలి లోయల వివరాలు పాత మ్యాపుల్లో తప్పాయి, ఊళ్ల పేర్లయితే మరీ వంకర.

కానీ ఉపగ్రహాలు రాకముందు ఏమీ లేకపోతే, 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలు లైను 50కి పైగా సొరంగాలతో ఈ కొండల్లోంచి ఎలా వెళ్లింది? భూమిని గమనించే మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఎగిరిందే 1972లో. పైనుంచి చూసిందల్లా నేలే అనుకోవద్దు: 2000లో స్పేస్ షటిల్ రాడార్ కొలిచినప్పుడు, దట్టమైన అడవిలో అది చాలాచోట్ల చెట్ల తలల దగ్గరి ఎత్తునే నేల ఎత్తుగా చూపించింది.