మజ్జ ఖాళీ చేయడమే అసలు చిక్కు

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే సికిల్ సెల్ జబ్బుకు మందు దొరికేసిందని 2023 చివర్లో వార్తలు హోరెత్తాయి. రక్తాన్ని పుట్టించే రోగి మూలకణాలకు జన్యు కత్తెర వేసి, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఒంట్లో ఉండే హిమోగ్లోబిన్‌ను మళ్లీ తయారు చేయించే క్యాస్‌జెవీ చికిత్స అది. ఆ నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస కొండల్లోని సవర గిరిజన గూడేలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ధర దిగితే అంతా సర్దుకుంటుందని అంటారు. నాకు ఆ నమ్మకం లేదు.

కొత్త మూలకణాలు నిలదొక్కుకోవాలంటే ఎముక మజ్జలో చోటుండాలి. పాత పంట కోయకుండా మడిలో కొత్త నారు నాటలేం కదా. ఆ కోతకు ఇప్పుడు వాడుతున్నది బుసల్ఫాన్ అనే కీమో మందు. నోరంతా పుండ్లు పడతాయి, జుట్టు రాలిపోతుంది, తెల్లకణాలు పడిపోయి చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికొస్తుంది. ముందుముందు పిల్లలు పుట్టకపోయే ప్రమాదమూ ఉంది. వారాల తరబడి విడిగా శుభ్రమైన గదిలో ఉంచాలి. వెల్లూరు సీఎంసీలో 1986 నుంచే మజ్జ మార్పిడి జరుగుతోంది, నైపుణ్యానికి కొదవ లేదు. కానీ కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో, ఒకరు నెలల తరబడి ఆసుపత్రి దగ్గరే ఉండిపోతే మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు?

అందుకే నా దృష్టిలో జన్యు కత్తెర కన్నా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఇర్వింగ్ వైస్‌మన్ పని మనకు దగ్గరిది. ఆయన పెద్ద నగరాల బిడ్డ కాదు. మోంటానా రాష్ట్రంలోని గ్రేట్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో, హైస్కూలు రోజుల్లోనే స్థానిక ఆసుపత్రి ల్యాబులో ఎలుకల మీద పని మొదలుపెట్టాడు. 1988లో ఆయన బృందం ఎలుక మజ్జ నుంచి రక్త మూలకణాలను వేరుచేసింది. రేడియేషన్‌తో చావాల్సిన ఎలుకల్లో సగాన్ని బతికించడానికి అలాంటివి 30 కణాలు చాలాయి.

2007లో ఆయన ల్యాబు నుంచే ఇంకో ఫలితం వచ్చింది. మూలకణాల పైనుండే ఒక గుర్తును పట్టుకునే యాంటీబాడీ ఇస్తే, కీమో లేకుండానే మజ్జలో చోటు ఏర్పడింది. అయితే రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోనే. మామూలు ఎలుకల్లో కుదరలేదు. ఎందుకంటే కణాల మీద, ఒంట్లోని రక్షణ కణాలకు ‘నన్ను తినకు’ అని చెప్పే సీడీ47 అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని కూడా అడ్డుకుంటే మామూలు ఎలుకల్లోనూ పని జరిగిందని 2016లో తేలింది. మజ్జను ఖాళీ చేసే పని విషం చేతి నుంచి ఒంట్లోని రక్షణ కణాల చేతికి మారిందన్నమాట.

తొందరపడి చప్పట్లు కొట్టక్కర్లేదు. ఆ సీడీ47నే క్యాన్సర్ మీద గురిపెట్టిన మాగ్రోలిమాబ్ అనే మందు కోసం గిలియడ్ కంపెనీ 2020లో 490 కోట్ల డాలర్లు పోసింది. 2024కల్లా రక్త క్యాన్సర్లలో దాని ప్రయోగాలు ఆగిపోయాయి. ఎర్ర కణాలూ తరిగిపోయి రక్తహీనత రావడం ఆ మందుతో ఉన్న ఇబ్బంది. అసలే రక్తం తక్కువున్న సికిల్ సెల్ రోగి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మూలకణాలను పట్టే యాంటీబాడీ దారి మాత్రం తెరిచే ఉంది. మజ్జను దెబ్బతీసే ఫాంకోని అనీమియా అనే జన్యు జబ్బు ఉన్న ముగ్గురు పిల్లలకు బుసల్ఫాన్, రేడియేషన్ లేకుండా మార్పిడి చేసినట్టు స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2025లో ప్రకటించారు.

ఈలోగా చేయాల్సింది చేతిలోనే ఉంది. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని 2023 జూలై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు లక్ష్యం. వేలి నుంచి ఒక చుక్క రక్తం చాలు. పరీక్ష తర్వాత, ఈ జబ్బు నొప్పులను తగ్గించే హైడ్రాక్సీయూరియా గోళీలు పీహెచ్‌సీలో ఆగకుండా దొరుకుతున్నాయా అన్నదే నాకు టెన్షన్. చలికి, నీళ్లు తక్కువ తాగినందుకు, కొండెక్కిన అలసటకు కూడా కీళ్లు, ఎముకలు పట్టేసి పిల్లలు విలవిల్లాడే జబ్బు ఇది. గోళీ రెండు నెలలు లేకపోతే బడి పోతుంది, ఆసుపత్రి మంచం ఖాయం.

ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ సికిల్ సెల్‌కు స్వదేశీ జన్యు చికిత్స తయారు చేస్తోంది. మజ్జ ఖాళీ చేయడానికి అందులో ఏం వాడతారు, ప్రయోగాల్లోకి ఏ ప్రాంతం పిల్లల్ని తీసుకుంటారు అని మన ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగాలి. కిడ్నీ జబ్బు పేరుతో ఏళ్ల తరబడి రక్తం, మూత్రం శాంపిళ్లు ఇచ్చిన ఉద్దానం మన జిల్లాలోదే. శాంపిళ్లు ఇవ్వడం మనకు కొత్తేం కాదు, చికిత్స జాబితాలో పేరు ఉండటమే కొత్త.