గాలి కనిపించదు, కానీ కొలతకు అందుతుంది

"గాలి కనిపించదు, అమ్మ ప్రేమ కనిపించదు. అయినా నమ్ముతావు. దేవుడికి మాత్రం ఆధారం ఎందుకు?" కార్తీక మాసం రాగానే మా కావలిలో ఫోను నుంచి ఫోనుకు తిరిగే మాటలివి. ఈసారి ఇంకోటి చేర్చారు: "శ్రీహరికోట శాస్త్రవేత్తలే చెంగాళమ్మకు మొక్కి రాకెట్ ఎగరేస్తారు. వాళ్ళకంటే గొప్పవాడివా? దేవుడు లేడని నిరూపించు." పంపినవాళ్ళలో నాకు బాగా కావలసినవాళ్ళున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

గాలి సంగతి కావలి వాళ్ళకు వేరే చెప్పాలా! 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన తుపాను బంగాళాఖాతం దాటి మా ఊరి దగ్గరే తీరాన్ని తాకింది. ఆ రాత్రి గాలిని ఎవరూ కంటితో చూడలేదు. చెట్లు కూలడం, పైకప్పులు లేచిపోవడం చూశారు. గాలికి బరువుంది, ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు. పీడనముంది, వేగముంది. తుపాను వేళ కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయాలో తేల్చేది ఆ కొలతలే. కొలిచేవాడు ఆస్తికుడైనా నాస్తికుడైనా అంకె మారదు. అంచనా తప్పితే మర్నాటికే తెలిసిపోతుంది. కంటికి కనిపించకపోవడం వేరు, ఆధారం లేకపోవడం వేరు. ఈ రెంటినీ కలిపేయడంలోనే ఆ సందేశం బలమంతా ఉంది.

అమ్మ ప్రేమను నేను గుడ్డిగా నమ్మలేదు. జ్వరమొచ్చిన రాత్రుల్లో నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్న మనిషి ఆమె. బిడ్డను వదిలేసి పోయిన తల్లిని చూసి "ఎంత ప్రేమో" అని ఎవరమైనా అంటామా?

ఇక రాకెట్. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళే శాస్త్రవేత్తలు ఉన్నారు, నిజమే. వారి భక్తిని కించపరచను. కానీ 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోయినప్పుడు లోపాన్ని మొక్కులో వెతకలేదు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో కవాటం సరిగా పనిచేయక ఆమ్లం కారిపోయిందని పట్టుకున్నారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. వారిని సాక్ష్యానికి పిలిచినవారు ఈ సగం కూడా వినాలి.

లేడని నిరూపించమనడం న్యాయం కాదు. బాకీ ఉందని వచ్చినవాడే ప్రోనోటు చూపించాలి.

అసలు ఆధారం అడగడం పరాయి బుద్ధి కాదు. ఈశ్వరుడున్నాడని న్యాయ దర్శన పండితుడు ఉదయనుడు సుమారు వెయ్యేళ్ళ కిందటే అనుమాన ప్రమాణంతో, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చే తర్కంతో, వాదించాడు. వేదాన్ని తలకెత్తుకున్న పండితుడు కుమారిలభట్టు అంతకుముందే సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని కాదన్నాడు. ఇద్దరిలో ఎవరూ ప్రమాణంతో పనిలేదనలేదు. ఉదయనుడి తర్కం నాకు చాలదు. అయినా ఎదుటివాడి ప్రశ్నకు విలువిచ్చి వాదానికి కూర్చున్నాడు. ఆ సందేశం పంపినవాళ్ళు వస్తే మా అరుగు మీద నేనూ అలాగే కూర్చుంటాను.