మనోడైతే మెర్జ్

బీటెక్‌లో మాకు ఎస్‌ఆర్‌ఎస్ అని ఒక పాఠం ఉండేది. సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే ముందు వాడేవాళ్ళని కూర్చోబెట్టి, ఏం కావాలో అడిగి రాసుకోవాలట. పరీక్షకి పనికొచ్చింది. ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి నలుగురూ కలిసి రాసే సాఫ్ట్‌వేర్‌లో, ఆ తతంగం లేదు. అక్కడ మనోడు కోరితే రిక్వైర్‌మెంట్, వెంటనే మెర్జ్, అంటే అసలు కోడ్‌లో కలిపేస్తారు. పరాయివాడు కోరితే ఇష్యూ, అంటే ఫిర్యాదుల చిట్టాలో ఒక చీటీ.

నాదొక ఇష్యూ ఉంది. ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో ‘స్త్రీ’ అని కొడితే వత్తులు ఊడి పక్కన పడుతున్నాయి. స్క్రీన్‌షాట్లతో సహా పెట్టాను. జవాబు బాట్ (దానంతటదే రాసే ప్రోగ్రామ్) ఇచ్చింది: 60 రోజులుగా అలికిడి లేదు, ఇంకో 7 రోజులు చూసి మూసేస్తాను. అప్పట్నుంచి నాకిదో ఉద్యోగం. 59వ రోజు రాగానే లాగిన్ అయి, ‘అయ్యా, బగ్గు ఇంకా బతికే ఉంది’ అని రాసొస్తాను. మా నాన్నగారు ఏటా నవంబరులో బ్యాంకుకెళ్ళి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు. నేను ఏడాదికి ఆరుసార్లు ఇస్తున్నాను. ఆయనకి పెన్షనైనా పడుతుంది. మొన్న దసరాకి ఊరెళ్ళి మర్చిపోయాను, మూసేశారు. తెరవమంటే కొత్తది పెట్టమన్నారు. పెడితే డూప్లికేట్ అని దాన్నీ మూసేశారు.

అదే వారం ఒకాయన వచ్చి, డార్క్ మోడ్ బటన్ మీద చంద్రుడు కాస్త లావుగా ఉన్నాడన్నాడు. 40 నిమిషాల్లో చంద్రుడు చిక్కాడు. కింద ఆ కోడ్ బాగోగులు చూసే మెయింటెయినర్ గారి ముక్క: ‘ఫాస్‌డెమ్‌లో అనుకున్నదేగా!’ ఏటా బ్రస్సెల్స్‌లో జరిగే ఓపెన్ సోర్స్ సభలో, బీరు గ్లాసుల ముందు అనుకున్నారన్నమాట. నేనేమో ఆ చలికాలమంతా నిజాంపేటలోనే ఉండిపోయాను. తప్పు నాదే.

వాళ్ళు దీన్ని మెరిటోక్రసీ, అంటే ప్రతిభకే పెద్దపీట, అంటారు. మా మండలాఫీసులో ‘లోపల ఎవరైనా తెలుసా?’ అంటారు.

1991లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెడుతూ లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఏమేం కావాలో చెప్పండి, చేస్తానని మాత్రం మాటివ్వను అన్నాడు. ఆయన నయం, ముందే చెప్పాడు.

మెయింటెయినర్లని ఇంకో నాలుగు తిడదామంటే ఎక్స్‌జెడ్ గుర్తొచ్చి నోరు రావడం లేదు. లెక్కలేనన్ని లినక్స్ సర్వర్లలో ఉండే ఆ కంప్రెషన్ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒకే ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకున్నాడు. మానసిక ఆరోగ్యం బాగోలేదని 2022లో నోరు తెరిచి చెప్పుకున్నాడు కూడా. ఎలా ఉన్నావయ్యా అనడం పోయి, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించమని పీక్కుతిన్నారు. సాయానికొచ్చినవాడు రెండేళ్ళకి పైగా బుద్ధిగా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపి, మనోడై, తాళాలు పుచ్చుకుని, దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజినీరు తవ్వబట్టి బయటపడింది. ఆ కోడ్ మీద కోట్లు గడించిన కంపెనీలకి సిగ్గుండక్కర్లేదా? ఒక్క మనిషిని పంపలేకపోయారా? ఆ ఒంటరివాడి తలుపు తట్టడానికి దొంగే రావాల్సొచ్చిందా?

సరే. మూడో ఇష్యూ పెట్టి ఇవాళ్టికి 58 రోజులు. ఈసారి ముందుగా ఆ చంద్రుడి దగ్గరికెళ్ళి, చిక్కాక భలే ఉన్నాడని రాసొచ్చాను.