పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు గారికి

మహారాజశ్రీ ఎర్ర ఫ్యూజు గారి దివ్యసముఖమునకు,
స్టీరింగు కింద, మోకాలికి తగిలే చీకటి గూడు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ తమరు నిన్న మధ్యాహ్నం మళ్లీ పరమపదించారు. అదీ ఎప్పుడు? "ఇంక ఢోకా లేదు సార్" అంటూ ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ నా డబ్బులు జేబులో పెట్టుకుని, నేను నా బ్యాగు డిక్కీలో పడేసి, ఎందుకైనా మంచిదని లైట్లు ఇంకోసారి చూసుకుందాం అనుకున్నప్పుడు. మీటరు బోర్డు చీకటి, వెనక లైట్లు చీకటి, నంబరు ప్లేటు చీకటి. భోజనం మానేసి రేకుల షెడ్డు కింద బల్ల మీద కూర్చున్న ఆ పూటంతా గంగలో కలిసింది.

పోవడం మీ ఉద్యోగధర్మం, కాదనను. నా ఏడుపల్లా ఒకటే. పోతూ పోతూ ఒక్క ముక్క చెప్పి పోవచ్చు కదండీ! బయటికి లాగి ఎండకు పట్టి చూశాను. ఎర్ర ప్లాస్టిక్ లోపల వంపు తిరిగిన సన్నని రేకు, మధ్యలో తెగి, తెగిన చోట చిటికెడు మసి. అంతే. ఎక్కడ తగిలిందో, ఎవరు తగిలించారో, వాంగ్మూలం లేదు. చచ్చి సాధించడం అనే మాట మీ కోసమే పుట్టి ఉంటుంది.

లెక్క మీకూ తెలుసు. ముందూ వెనకా పార్కింగ్ బల్బులు తలా 5 వాట్లు, నంబరు ప్లేటుకో 5, మీటరు లైట్లు కొసరు. అన్నీ కలిపినా 40 వాట్ల లోపే. 12 వోల్టులతో భాగిస్తే మూడు ఆంపియర్ల చిల్లర. పదికి తట్టుకునే మీరు మూడుకు పోరు. అంటే లోడు ఎక్కువై కాదు, ఎక్కడో వైరు కారు ఇనుప బాడీకి తగిలి షార్టవుతోంది. ఇంత చిన్న లెక్క వేయకుండా ఆ మహానుభావుడు బల్బులన్నీ మార్చాడు, హోల్డర్లు గీకాడు, చివరికి "ఎలుకలు కొట్టుంటాయి సార్" అన్నాడు. మన ఊళ్లో కారు ఎలుకలకు ఉన్నంత చెడ్డపేరు ఏ రాజకీయ నాయకుడికీ లేదు. కారుతో ఇచ్చిన పుస్తకం తెరిస్తే "అధీకృత డీలరును సంప్రదించండి" అంటుంది. మిమ్మల్ని బయటికి లాగే ఆ తెల్ల ప్లాస్టిక్ చిమటా ఏ కారులోనైనా దాని చోట్లో అది ఉండగా చూసినవాళ్లుంటే చెప్పండి, దండ వేస్తాను.

అసలు ఘట్టం ఇది. మీరు రెండోసారి పోగానే ఎలక్ట్రీషియన్ డబ్బాలోంచి ఆకుపచ్చ ఫ్యూజు తీశాడు. 30 ఆంపియర్లు. "ఇది వేసేస్తా సార్, జన్మలో పోదు." ఫోనులో మా బావమరిది కూడా అదే పాట: "పోనీ ఇరవైది వేయించెయ్ బావా, ఎందుకొచ్చిన టెన్షన్!" వద్దంటే నన్ను పిసినారిని చూసినట్టు చూశారు.

పోదురా నాయనా, అది పోదు, అదే కదా భయం! ఫ్యూజు ఉన్నది బల్బు కోసం కాదు, వైరు కోసం. ఆ సన్నని వైరులోంచి పాతిక ఆంపియర్లు పారుతుంటే ముప్పైది హాయిగా కూర్చుంటుంది. కార్పెట్ కింద వైరు పైతొడుగు కరిగి, పక్క వైర్లకు అంటుకుని, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుండగా పొగ వస్తుంది. ఇంతకంటే ఘనులున్నారు, సిగరెట్ పెట్టెలో వెండికాగితం చుట్టి పెట్టేవాళ్లు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం కాకపోతే ఏమిటిది? కారు తగలబడ్డాక మాత్రం "షార్ట్ సర్క్యూట్" అని ఒక్క మాటతో చేతులు దులుపుకుంటారు. ఆ షార్టుకు దారి ఇచ్చిందెవడ్రా?

చూశావా, నీ మీద రాయబోయి ఎవరి మీదో అరుస్తున్నాను. ఇంక నిన్ను 'మీరు' అనే ఓపిక కూడా లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి 21 వాట్ల పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, నీ ఖాళీ గూట్లో నీ రెండు కాళ్ల చోట గుచ్చాను. అది ఉన్నంతసేపూ రెండు ఆంపియర్లకు మించి పారవు, వైరు కాలదు, డజను ఫ్యూజులు బలికావు. పార్కింగ్ లైట్లు వేస్తే బల్బు మసకగా వెలిగింది. అంటే మామూలు లోడే. ధగధగా వెలిగితే షార్టు. డాష్‌బోర్డు కింద వైర్లు కదిపాను, మసకే. సీటు పక్కన కదిపాను, మసకే. ఇంతలో, ఇరవైది తీసుకొచ్చి మరీ సలహా ఇవ్వడానికి దిగిన మా బావమరిది, స్పేర్ టైరు చూద్దామని డిక్కీ ఎత్తాడు. బల్బు భగ్గుమంది. దించాడు, మసక. మళ్లీ ఎత్తమన్నాను. భగ్గు.

డిక్కీ మడతబందు దగ్గర వైర్లకు నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాన్ని వెనక్కి లాగితే నంబరు ప్లేటు వైరు పైతొడుగు చిట్లి, లోపలి రాగి పచ్చబడి, ఇనుముకు రాసుకుంటోంది. ఏళ్ల తరబడి బియ్యం బస్తాలకూ సూట్‌కేసులకూ ఎత్తి దించిన ఫలితం. అంటే నువ్వు పోయినప్పుడల్లా ఎవరో డిక్కీ తెరిచారన్నమాట. నువ్వు చెబుతూనే ఉన్నావేమో, నీ యాస మాకు అర్థం కాలేదు. అయినా కొంచెం గట్టిగా చెప్పొచ్చుగా!

టేపు చుట్టి వదిలేయలేదు. పాడైన ముక్క కోసేసి, కాస్త పొడవు ఎక్కువున్న కొత్త వైరు అతికించి, టంకం వేసి, తొడుగు వేశాను. నీ గూట్లోకి మళ్లీ పదే వేశాను, ఎర్రదే. బావమరిది తెచ్చిన ఇరవైని అతని చొక్కా జేబులోనే పెట్టి పంపించాను.

ఇట్లు,
వెనక లైట్లు వెలుగుతున్న ఒక కారు యజమాని

తా.క.: పొద్దున్నుంచి అద్దాలు నాలుగూ దిగడం లేదు. అది నీ శాఖ కాదని తెలుసు. ఆకుపచ్చ ముప్పై గారికి విడిగా రాస్తున్నాను.