2.2 మైక్రాన్ల గుంట గారికి

అయ్యా,

రాయి మీద పడి తిరిగొచ్చే వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా గీసిన గీత స్పెక్ట్రమ్; అందులో 2.2 మైక్రాన్ల దగ్గర వెలుగు తగ్గినచోటే మీరు. అక్కడ మీరు కాస్త కుంగితే చాలు, ఖనిజ పటం మీద రంగు పడిపోతుంది. నెవాడాలోని కుప్రైట్ కొండల్లో మీ వైభవం ఇంతా అంతా కాదు. 20 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే ఈఆర్-2 విమానంలో అవిరిస్ అనే స్పెక్ట్రోమీటర్‌ను పెట్టి, దాదాపు 10 నానోమీటర్ల ఎడంతో 224 బ్యాండ్లు (తరంగదైర్ఘ్యపు ముక్కలు) పరిచి మరీ వెతికారు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహంలోని థీమాటిక్ మ్యాపర్ పరికరపు 7వ బ్యాండ్ అయితే 2.08 నుంచి 2.35 మైక్రాన్ల దాకా ఒక్క గుక్కలో మింగేసేది. మీరూ, మీ చుట్టాలూ అందులోనే.

చిక్కల్లా ఆ చుట్టాలతోనే. అల్యూమినియానికి హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) అంటిపెట్టుకున్న ప్రతి ఖనిజం ఇంటా మీరే: కయోలినైట్, మస్కోవైట్, మాంట్‌మొరిల్లొనైట్. కయోలినైట్‌కు 2.16 దగ్గర తోడు గుంట ఉంటుంది, మస్కోవైట్‌కు 2.35 దగ్గర ఇంకొకటి. మాంట్‌మొరిల్లొనైట్‌ను పట్టిచ్చేది 1.9 దగ్గరి నీటి గుంట. తీరా అక్కడికి వెళితే గాలిలోని నీటి ఆవిరి సరిగ్గా ఆ కిటికీకే తెర కట్టేసి ఉంటుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

మిమ్మల్నే మాయం చేసే విద్య కూడా ఉంది. గాలి ప్రభావం తీసేయడానికి తెల్లగా, చదునుగా కనిపించే ఎండిన సరస్సు అడుగొకటి ఎంచుకుని, దాని స్పెక్ట్రమ్‌తో పిక్సెళ్లన్నిటినీ భాగిస్తారు. ఆ అడుగున ఉన్నది మీ బంకమట్టే అయితే? కొండల మీద మీరు చెరిగిపోతారు, మీరు లేనిచోట బొడిపె లేస్తుంది. ఆ బొడిపెను కొత్త ఖనిజమనుకుని సంబరపడటం తర్వాతి అంకం. విమానం ఎగిరే వేళకే ఆ నేలను స్పెక్ట్రోమీటర్‌తో, తెల్ల పలకతో సరిచూసుకుంటూ కొలిచి, భాగించినదాన్ని ఆ కొలతతో గుణిస్తే సరిపోయేది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడాలిగా మరి!

మీ లోతు చూసి ఖనిజం ఎంతుందో లెక్కగట్టే ఘనులూ ఉన్నారు. రేణువు సైజు మారినా మీ లోతు మారుతుంది. ఎండుగడ్డి ఉంటే సెల్యులోజ్ 2.1 దగ్గర మీ ఎడమ భుజాన్ని, అంటే గుంటకు ఎడమ గట్టును, కిందికి లాగుతుంది, మీరు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తారు. అన్నీ కుదిరినా మీరు చెప్పేది గోరుతో గీకితే పోయే పొర గురించే.

నా సంగతంటారా, మీ పరిధిలో నాకు గుంటే లేదు. 8, 9 మైక్రాన్ల దగ్గర చూసే థర్మల్ పరికరం వస్తే తప్ప నేనున్నట్టే తెలియదు. గుట్ట నిండా నేనే ఉన్నా, నాలో చిటికెడు కయోలినైట్ కలిస్తే పటంలో రాసేది దాని పేరే.

ఇట్లు,
క్వార్ట్జ్ (పలుగురాయి)