నేతిబీరకాయ వంటి హైబ్రిడ్ డిస్కు గారికి

గౌరవనీయులైన హైబ్రిడ్ హార్డ్ డిస్కు గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి కానీ, నేను కుశలంగా లేను. తమరు మాత్రం నిన్న మధ్యాహ్నమంతా గరగరమంటూ తిరిగారు కాబట్టి క్షేమమేనని తలుస్తాను.

నాలుగేళ్ల తర్వాత మా అక్క వచ్చింది. భోజనం చేసి లేస్తూ "అమ్మ ఫొటోలు చూపించరా" అంది. ఫోల్డరు తెరిస్తే అన్నీ ఖాళీ గళ్లు. సరిగ్గా అప్పుడే అప్‌డేట్ కూడా మొదలైంది. తమకు చదివే చేయి ఒకటే కదా, అది అప్‌డేట్‌కూ ఫొటోలకూ మధ్య అటూ ఇటూ పరుగులు తీసింది. పెళ్లి బంతిలో చివరి విస్తరికి పప్పు చేరినట్టు ఒక్కో బొమ్మా వచ్చింది. నాలుగింటి బస్సుకు అక్క లేచింది. "పోనీలేరా, ఈసారి చూద్దాం" అంది. ఆ "పోనీలే" రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే అన్నీ దాచే డిస్కు) వేగం, హార్డ్ డిస్కు చోటు, రెండూ ఒకే పెట్టెలో అంటే నమ్మి కొన్నాను. ఆ రోజుల్లో తమంత చోటున్న, అంటే ఒక టెరాబైట్ (సుమారు వెయ్యి జీబీ) ఎస్‌ఎస్‌డీ ధర విని దుకాణంలో కుర్చీ కోసం వెతికినవాణ్ణి మరి. తీరా తమలో ఎస్‌ఎస్‌డీలో ఉండేలాంటి చిప్పు, అదే ఫ్లాష్ మెమరీ, ఉన్నది 8 జీబీ. మిగతాదంతా నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం. నూటికి ఒక వంతైనా లేని నెయ్యికి పేరు మాత్రం నేతిబీరకాయ!

ఆ 8 జీబీలో ఏముండాలో తమరే నిర్ణయిస్తారు. నేను తరచుగా తెరిచేవి గమనించి అవే దగ్గర పెట్టుకుంటారు. కొన్న మొదటి రోజు నత్తలా లేచిన కంప్యూటర్ మూడో రోజుకు చురుకైతే, మురిసిపోయి పక్కింటివాళ్లకు కూడా చెప్పాను. ఇంతకీ నేను రోజూ తెరిచేదేమిటి? బ్రౌజరు, పేకాట. పేకముక్కలు రెప్పపాటులో పరుచుకుంటాయి. ఏడాదికొకసారి చూసే అమ్మ ముఖం దగ్గరకు వచ్చేసరికి పళ్లెం మీద దేవులాట! రోజూ చూడనిది అక్కరలేనిదని నీకెవరు చెప్పారు? నా పాడు అలవాట్లన్నీ కంఠస్థం చేసి, ప్రాణమైనదాన్ని అటక మీద పడేస్తావా? దాన్ని నేర్చుకోవడం అంటారా?

ఈ ఉదయం 500 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. పళ్లెం లేదు, చేయి లేదు, చప్పుడు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులోకి మార్చాను. బటన్ నొక్కి కళ్లద్దాలు తుడుచుకునేలోపు కంప్యూటర్ సిద్ధం. ఈ పని ముందే చేయాల్సింది, లోభితనం నాదే.

నిన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని విప్పాను. చేతిలోకి తీసుకుంటే బరువుగా తగిలావు. ఇన్ని వేసవులు, ఇన్ని కరెంటు కోతలు, అయినా అమ్మ ఫొటో ఒక్కటీ పోగొట్టలేదు. రెండో డిస్కుగా మళ్లీ నిన్నే బిగించాను. (నకలు ఇంకోచోట పెట్టాననుకో. అంత నమ్మకమేమీ లేదు.)

అక్క సంక్రాంతికి వస్తానంది. ముందు వారమంతా ఆ ఫోల్డరు రోజూ తెరుస్తాను. నేర్చుకో.